ఉత్తుత్తి దెబ్బ నేర్పే సామాను: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

రిఫ్లెక్స్‌లు పెంచుతాయని అమ్మే సామానుకి ఇప్పుడు అంతులేదు. తలకి కట్టుకునే సాగుడు తాడు బంతి, పైనా కిందా బిగించే డబుల్ ఎండ్ బ్యాగ్, తాకితే ఆరిపోయే లైట్లు, మనం కొట్టే దెబ్బలని పట్టడానికి ఎదుటి మనిషి చేతులకి తొడుక్కునే మెత్తలు, అంటే ఫోకస్ మిట్స్. ఏ పెట్టె మీద చూసినా ఇంచుమించు ఒకటే మాట: వేగం పెరుగుతుందని. బాక్సింగో, కిక్ బాక్సింగో, కరాటేనో నేర్చుకునేవాళ్లకి కావాల్సింది సొంత వేగం ఒక్కటే కాదు. ఎదుటివాణ్ణి ఏమార్చి, వాడి చెయ్యి ఒకవైపు లేచిన రెప్పపాటులో రెండోవైపు కొట్టడం కూడా రావాలి. దాన్నే ఫెయింట్ అంటారు, మన మాటల్లో ఉత్తుత్తి దెబ్బ. ఆ ఒక్క పనికి ఏ వస్తువు ఎంతవరకు అక్కరకొస్తుందో ఇక్కడ చూద్దాం. చెమట పట్టించడానికి అన్నీ మంచివే, ఆ లెక్క వేరు.

వస్తువుల సంగతికి వెళ్లే ముందు, వేటితో కొలుస్తున్నామో చెప్పాలి. కంటికి ఏదైనా కనబడ్డాక చెయ్యి కదలడం మొదలవడానికి మామూలుగా 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. చప్పుడుకైతే ఇంకా త్వరగా, 150 అటూ ఇటూగా. అదీ ఒకే సంకేతం, ఒకే జవాబు ఉన్నప్పటి మాట. వచ్చేది జాబా (ముందు చేత్తో సూటిగా వేసే దెబ్బ), హుక్కా (చెయ్యి వంచి పక్క నుంచి వేసే దెబ్బ), పొట్ట మీదికా అని తేల్చుకోవాల్సి వస్తే ఇంకా ఆలస్యమవుతుంది. ఎంచుకోవాల్సినవి పెరిగేకొద్దీ ఆ సమయం ఎలా పెరుగుతుందో 1952లో మనస్తత్వ శాస్త్రవేత్త విలియం హిక్ లెక్కగట్టి చూపించాడు.

కిటుకంతా ఆ తర్వాతి అడుగులో ఉంది. మొదటి కదలికకి జవాబు తయారవుతుండగానే రెండోది వస్తే, మెదడు చేతిలో ఉన్న పని తెమిలేదాకా రెండోదాన్ని వరుసలో నిలబెడుతుంది. ఈ ఆలస్యాన్ని 1931లోనే టెల్ఫోర్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గుర్తించాడు. రెండు కదలికల మధ్య ఎడం 60 నుంచి 100 మిల్లీసెకన్లు ఉన్నప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. ఎడం 40 కంటే తగ్గితే రెండూ కలిసిపోయి ఒకే కదలికలా అందుతాయి, ఎదుటివాడు ఏమారడు. 300 దాటిందంటే వాడి మెదడు మొదటి పని ముగించుకుని రెండోదాని కోసం కాచుకుని ఉంటుంది.

అంటే ఉత్తుత్తి దెబ్బలు రెండు రకాలు. ఒకటి చూడకుండా కొట్టేది: కంటి చూపో, మోకాలి వంపో, కాలి చప్పుడో ముందు పంపి, ఆ వెనకే 60 నుంచి 100 మిల్లీసెకన్లలో చెయ్యి వదలడం. ముందుకు చాచిన చేతినే వెనక్కి లాక్కుని మళ్లీ కొట్టడానికి అంత వ్యవధి చాలదు కాబట్టి, ఏమార్చే అవయవం వేరు, కొట్టే అవయవం వేరు అయ్యుండాలి. రెండోది చూసి కొట్టేది: ముందు ఆశ చూపించి, ఎదుటివాడి కాపు, అంటే దెబ్బలకి అడ్డంగా పెట్టుకున్న చెయ్యి, నిజంగా కదిలిందని కంటితో చూశాక, అది వదిలిన ఖాళీలోకి కొట్టడం. ఇందులో మీ చూపుకి పట్టే సమయం కూడా కలుస్తుంది. అందుకే వాడి చెయ్యి కాస్త కదిలితే చాలదు, ఎక్కువ దూరం వెళ్లేలా చేయాలి. చాలామంది ఈ రెండిటినీ కలగాపులగం చేసి, ఆ మధ్యలో ఎక్కడో, ఎందుకూ పనికిరాని ఎడంతో కొడతారు.

ఇక కొలత ఏమిటంటే: ఈ వస్తువుని ఏమార్చడం సాధ్యమేనా? ఏమారడం చేతకాని వస్తువు ముందు ఎన్నాళ్లు సాధన చేసినా ఏమార్చడం వచ్చిందో లేదో తెలియదు. ఈ ప్రశ్న దగ్గరే చాలా సామాను పక్కకి తప్పుకుంటుంది.

తలపట్టీకి కట్టిన బంతి మొదటే తప్పుకుంటుంది. నుదుటికి ఒక పట్టీ, దానికి సన్నటి సాగుడు తాడు, చివర చిన్న బంతి. బంతిని మీరే కొడతారు, అది మీ దగ్గరికే వస్తుంది. ఎప్పుడు వస్తుందో, ఎటు వస్తుందో నిర్ణయించేది మీ దెబ్బే. అంటే ఎదుట ఇంకొకరు లేరు. నాలుగు రోజులు ఆడితే లయ కుదిరి వందలకొద్దీ దెబ్బలు కొట్టొచ్చు, చూడ్డానికి బాగుంటుంది. అది తాళం కుదరడమే తప్ప ఎదుటివాణ్ణి చదవడం కాదు. చెమట పట్టగానే పట్టీ కనుబొమల మీదికి జారుతుంది, తాడు బంతిలోకి వెళ్లే ముడి దగ్గర తెగుతుంది. బరువైన బంతులు కూడా సెట్‌లో ఇస్తారు, అవి అసలు తగిలించొద్దు. సాగిన తాడు చివర బరువు కంటికి తగిలితే గాయమవుతుంది. ముఖం మీదికి ఏదో వస్తున్నా కళ్లు మూసుకోకుండా ఉండటం అలవాటవుతుంది, అదొక్కటే లాభం. ఆ అలవాటు మిట్స్‌తో ఇంకా బాగా వస్తుంది. ఈ పని కోసమైతే కొనొద్దు.

లైట్ల సంగతి కాస్త వేరు. గుండ్రటి బిళ్లల్లా ఉంటాయి, గోడకి అంటించుకోవచ్చు, ఫోన్‌లోని యాప్‌తో నడుస్తాయి. వెలిగిన బిళ్లని తాకితే ఎంతసేపట్లో తాకారో అంకె వస్తుంది. ఆ అంకె చూసి మురిసిపోకండి. సెన్సరూ బ్లూటూతూ తినే సమయం కూడా అందులో కలిసి ఉంటుంది కాబట్టి వేరే కంపెనీ లైట్ల మీద వచ్చిన అంకెతో పోల్చడం దండగ. అంతకంటే పెద్ద లోపం, రింగులో ఎవరి భుజం మీదా లైటు వెలగదు. ఆరితేరిన ఆటగాడు దెబ్బ తప్పించుకునేది కేవలం చురుకుతో కాదు. భుజం బిగుసుకోవడం, తుంటి తిరగడం, మడమ లేవడం లాంటి ఆనవాళ్లని ముందే పసిగట్టి తప్పించుకుంటాడు. ఉత్తుత్తి దెబ్బతో మనం అబద్ధం ఆడించేది కూడా ఆ ఆనవాళ్ల చేతే. లైటుకి అవి లేవు.

అయినా వీటిని పూర్తిగా కొట్టిపారేయలేం. రెండు రంగుల పద్ధతి ఉన్నవైతే ఒక పనికి చక్కగా ఉపయోగపడతాయి: ఎదుటివాడి ఉత్తుత్తి దెబ్బకి మీరు పడిపోకుండా ఉండటానికి. ఆకుపచ్చ వెలిగితే కొట్టాలి, ఎరుపు వెలిగితే చెయ్యి కదపకూడదు. పదిలో ఏడు ఆకుపచ్చ, మూడు ఎరుపు ఉండేలా పెట్టుకోండి. సగం సగం పెడితే చెయ్యి కొట్టడానికి ఉరకలేయదు, ఉరకలేయని చేతిని ఆపుకోవడంలో సాధనేమీ లేదు. లైటుకీ లైటుకీ మధ్య విరామం 1 నుంచి 4 సెకన్ల మధ్య మారుతూ ఉండాలి. ప్రతిసారీ 2 సెకన్లే పెడితే నాలుగో లైటుకల్లా ఒళ్లు లెక్క కట్టేస్తుంది. 100 మిల్లీసెకన్ల లోపు అంకె వచ్చిందంటే అది చురుకు కాదు, ముందే ఊహించి కొట్టడం. పరుగు పందెంలో తుపాకీ పేలాక 100 మిల్లీసెకన్ల లోపు కదిలిన వాళ్లది తప్పుడు ఆరంభంగా లెక్కేసేది కూడా ఇందుకే. లైట్లు కొనేటప్పుడు ఎన్ని బిళ్లలున్నాయన్నది పట్టించుకోకండి, నాలుగు చాలు. రెండు రంగుల నిష్పత్తినీ, విరామాన్నీ మనకి నచ్చినట్టు మార్చుకునే వీలుందో లేదో మాత్రం చూడండి. ఆ రెండూ లేకపోతే అది బొమ్మే.

డబుల్ ఎండ్ బ్యాగ్ దగ్గర కాస్త ఆగాలి, ఇది నిజంగా మంచి వస్తువు కాబట్టి. చిన్న తోలు బంతి, పైన పైకప్పుకీ కింద నేలకీ సాగుడు తాళ్లు. 6 నుంచి 9 అంగుళాల వ్యాసంలో దొరుకుతుంది. చిన్నదైతే చురుగ్గా, గురికి కష్టంగా ఉంటుంది. కొత్తవాళ్లు 8 అంగుళాల దానితో మొదలుపెట్టడం మేలు. బంతి మధ్యభాగం మీ గడ్డం ఎత్తులో ఉండాలి. చాలామంది ఛాతీ ఎత్తులో బిగిస్తారు, అప్పుడు దెబ్బలన్నీ కిందికి వాలిపోయే అలవాటు పడుతుంది.

బిగింపు సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి ఒక తేలిక పద్ధతి ఉంది. బంతిని మీ వైపు ఒక జానెడు లాగి వదలండి. రెండు మూడు ఊపుల్లో కుదురుకుంటే బాగున్నట్టు. గిటారు తీగలా కొట్టుకుని వెంటనే ఆగిపోతే తాళ్లు మరీ బిగువు, ఎటుపడితే అటు తిరుగుతూ పోతే మరీ వదులు. రెండు చివర్లా సాగుడు తాడు పెట్టినప్పుడు పిచ్చిగా తిరుగుతుందనిపిస్తే పైన మామూలు తాడు కట్టి, కింద మాత్రం సాగుడు తాడు ఉంచండి, బాగా దారికొస్తుంది. గాలి నింపేటప్పుడు సూదిని తడిపి గుచ్చాలి, పొడిగా గుచ్చితే లోపలి బ్లాడర్ వాల్వు చిరుగుతుంది. బొటనవేలితో గట్టిగా నొక్కితే సెంటీమీటరు దాకా లోపలికి పోవాలి. రాయిలా నింపితే కుట్లు విచ్చుకుంటాయి. మొదట పాడయ్యేది ఎప్పుడూ బంతి కాదు. తాడు కొక్కేన్ని పట్టుకునే చోట పైనున్న బట్ట తొడుగు ఒరిపిడికి చిరిగి, లోపలి రబ్బరు పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. నెలకోసారి ఆ చోటు చూసుకుని, పోగులు బయటికి కనిపిస్తే తాడు మార్చేయండి. తెగిన తాడుకున్న కొక్కెం ముఖం మీదికే వస్తుంది.

ఈ బ్యాగ్ కూడా ఏమారదు. దాని ముందు ఎంత అందంగా ఉత్తుత్తి జాబ్ విసిరినా అది అలాగే వేలాడుతుంది. మరి మంచిదని ఎందుకంటున్నామంటే, ఉత్తుత్తి దెబ్బలోని రెండో సగాన్ని ఇది నేర్పుతుంది కాబట్టి. ఏమార్చాక మన ఒళ్లు ఎక్కడుంది? చాలామంది ఉత్తుత్తి జాబ్ వేసేటప్పుడు బరువంతా ముందు కాలి మీద వేసేస్తారు. ఇక అసలు దెబ్బకి కావాల్సిన బరువు వెనక కాలి దగ్గర మిగలదు. బ్యాగ్ మీద ఇలా చేయండి: ఒక నిజమైన జాబ్ కొట్టండి, బంతి వెనక్కి వెళ్లి వచ్చేలోపు ఎడమ భుజం మాత్రం ముందుకు తోసి చెయ్యి ఆపేయండి, బంతి మిమ్మల్ని దాటుతుండగా తల పక్కకి తీసి, అది తిరిగి వెళ్లేటప్పుడు కుడి చేత్తో కొట్టండి. బరువు ముందుకి పడిపోతే తల పక్కకి రాదు, బంతి వచ్చి నుదుటికి తగులుతుంది. అంత నిక్కచ్చిగా తప్పు చూపించే వస్తువు ఇంకోటి లేదు. 2 నిమిషాల రౌండులో ఇలాంటివి 12కి మించొద్దు, మిగతావన్నీ మామూలు దెబ్బలు. వరసగా ఉత్తుత్తివే వేస్తే లయంతా చెడుతుంది.

ఇప్పుడు ఫోకస్ మిట్స్. ఒక్కటే కొనగలిగితే ఇదే కొనండి. కారణం సూటిగా ఉంది: మిట్స్ వెనక మనిషి ఉంటాడు, మనిషి ఏమారతాడు.

వంపు తిరిగినవి, చదునుగా ఉన్నవి అని రెండు రకాలు వస్తాయి. వంపున్నవి దెబ్బని మధ్యలో పట్టుకుంటాయి, మణికట్టుకి సుఖం. పట్టేవాళ్లకి హాయిగా ఉంటుందని చాలామంది లావుపాటి, బరువైన మిట్స్ కొంటారు. ఉత్తుత్తి దెబ్బల సాధనకి అది పెద్ద పొరపాటు. బరువైన మిట్‌తో చెయ్యి ఆలస్యంగా కదులుతుంది. పట్టినవాడు తేరుకోలేకపోయింది మిట్ బరువు వల్లైతే, కొట్టినవాడు అది తన గొప్పే అనుకుంటాడు. జత మొత్తం అరకిలోకి అటూ ఇటూగా ఉండి, అరచేతి దగ్గర మెత్త 4, 5 సెంటీమీటర్లుంటే చాలు. లోపల అరచేతిలో పట్టుకోవడానికి చిన్న ఉండలాంటిది కుట్టి ఉండాలి, అది లేకపోతే దెబ్బ తగిలినప్పుడల్లా వేళ్లు వెనక్కి విరుచుకుంటాయి. మణికట్టు దగ్గర ఉత్త ఎలాస్టిక్ ఉంటే కొన్నాళ్లకే సాగిపోతుంది, వెల్క్రో పట్టీ ఉన్నది చూసుకోండి.

సాధన ఎలా చేయాలంటే, రెండు మిట్స్‌నీ రెండు పనులకి విడగొట్టండి. ఒకటి గురి, ఒకటి కాపలా. గురి మిట్‌ని గడ్డం ఎత్తులో, ముఖానికి కనీసం 30 సెంటీమీటర్ల ముందు పట్టాలి. ముఖానికి ఆనించి పట్టొద్దు, దెబ్బకి మిట్ వెనక్కి వచ్చి ముక్కుకి తగులుతుంది. కాపలా మిట్‌ని దానికి ఒక బెత్తెడు ముందు, గురిని కప్పేలా పట్టాలి. పొట్టకి బెల్లీ ప్యాడ్ కట్టుకోవాలి, పళ్లకి మౌత్‌గార్డ్ పెట్టుకోవాలి. కొట్టేవాడు ఒక అడుగు వేస్తే అందే దూరంలో నిలబడతాడు.

ముందు రెండు జాబులు నిజంగా కాపలా మిట్ మీద పడాలి, గట్టిగా. ఇవి లేకుండా ఏ ఉత్తుత్తి దెబ్బా నమ్మించదు. కాసేపటి కిందట నొప్పి పుట్టించినదాన్నే ఎదుటివాడి ఒళ్లు నమ్ముతుంది. మూడోసారి మోకాళ్లు కొద్దిగా వంచి, చూపు పొట్ట మీదికి దించి, జాబ్‌లో మొదటి మూడో వంతు మాత్రం చేయాలి. పట్టినవాడు పొట్ట కాచుకోవడానికి కాపలా మిట్‌ని దించాడా, వెనక ఉన్న గురి బయటపడుతుంది, కుడి చెయ్యి అందులోకి వెళ్లాలి. దించలేదా, ఆగకుండా అదే జాబ్‌ని పొట్ట ప్యాడ్ మీద నిజం చేసేయాలి. ఈ రెండో దారి ముఖ్యం. ఉత్తుత్తి దెబ్బని నమ్మనివాడు దెబ్బ తినాలి, అప్పుడే తర్వాతిది నమ్ముతాడు. ఇది కుదిరాక అదే పద్ధతిని పక్కలకి మార్చండి: భుజం హుక్‌కి తిప్పినట్టు తిప్పితే కాపలా మిట్ చెంప వైపు జరుగుతుంది, నడిమధ్యన గురి తెరుచుకుంటుంది.

మిట్ పట్టినవాళ్లకి ఒకటే నియమం. నమ్మితేనే కదలాలి. దీన్ని చెడగొట్టేది మొహమాటం. స్నేహితుడు కష్టపడుతున్నాడు కదా అని ఉత్తుత్తి దెబ్బ చూడగానే మర్యాదగా మిట్ దించేస్తుంటారు. రౌండుకి 20 సార్లు ప్రయత్నిస్తే 18 సార్లు కాపలా పడిపోయిందంటే నైపుణ్యం కాదు, మొహమాటం పనిచేస్తోంది. అప్పుడు పట్టేవాడి చేతికి ఒక పని ఇవ్వండి: నమ్మకుండా నిలబడితే ఎదురు జాబ్ వేసే హక్కు. వెంటనే ఇద్దరి ముఖాలూ మారతాయి. కొట్టేవాడు గడ్డం దాచుకుని, దెబ్బ తినే దూరంలో ఉన్నానని గుర్తు పెట్టుకుని ఏమారుస్తాడు. రింగులో జరిగేది అదే.

చెవినీ చర్మాన్నీ కూడా వాడుకోండి. ముందు కాలితో నేలని ఒక్కసారి చప్పుడయ్యేలా తొక్కి చెయ్యి వదలడం కత్తిసాములో పాత విద్య, ఫెన్సింగ్ వాళ్లు దాన్ని అపెల్ అంటారు. ఊహించని పెద్ద చప్పుడుకి 30 నుంచి 50 మిల్లీసెకన్లలోనే కంటిరెప్ప కదులుతుంది, భుజాలు బిగుస్తాయి. అది ఆలోచించి చేసేది కాదు కాబట్టి ఆపుకోవడం కష్టం. చర్మం సంగతి కూడా అంతే: ముందు చేత్తో కాపలా మిట్‌ని మెల్లిగా తట్టి, అదే ఊపులో వెనక చెయ్యి వదిలితే ఎదుటివాడి ధ్యాస తట్టిన చోటికి పోతుంది. కాకపోతే చప్పుడు మందు త్వరగా విరిగిపోతుంది. నాలుగైదు సార్లు తొక్కేసరికి ఉలికిపాటు ఉండదు, పైగా చప్పుడు వినగానే దెబ్బ వస్తుందని వాడికి ముందే చెప్పినట్టవుతుంది. రౌండులో ఒకటి రెండు సార్లకి దాచుకోండి.

వీటితో పాటు కొనాల్సిన పని లేని వస్తువు ఒకటుంది, చేతిలోని ఫోన్. ఇప్పటి చాలా ఫోన్లలో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటుంది. ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్ల పైచిలుకు. ఫోన్‌ని ఛాతీ ఎత్తులో, పక్క నుంచి కనిపించేలా, 3 మీటర్ల దూరంలో పెట్టండి. పగటి వెలుగులో తీయండి. కరెంటు దీపాల కింద తీస్తే బొమ్మ మినుకుమినుకుమంటూ కదలిక మొదలైన ఫ్రేము పట్టుకోలేరు. ఏమార్చే కదలిక మొదలైన ఫ్రేము నుంచి అసలు దెబ్బ కదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. 14 నుంచి 24 ఫ్రేముల మధ్య ఉంటే మీ చూడకుండా కొట్టే దెబ్బ సరైన ఎడంలో ఉన్నట్టు. 72 దాటితే ఎదుటివాడు తేరుకునేంత సమయం ఇచ్చేశారు. కొత్తవాళ్లది దాదాపు ఎప్పుడూ ఎక్కువే వస్తుంది, ఉత్తుత్తి దెబ్బ వేసి అది ఫలించిందా లేదా అని ఆగి చూస్తారు కాబట్టి.

ఫోన్‌తో ఇంకా విలువైన పని ఒకటి చేయొచ్చు. మీ నిజమైన జాబ్ ఒకటి, ఉత్తుత్తి జాబ్ ఒకటి తీసి, మొదటి మూడో వంతుని ఫ్రేము ఫ్రేముగా పక్కపక్కన పెట్టి చూడండి. మోకాలు, తుంటి, భుజం, గడ్డం, చూపు. తేడా ఎక్కడ కనిపిస్తే అక్కడే మీ అబద్ధం దొరికిపోతోంది. సాధారణంగా దొరికేది చేతిలో కాదు, భుజంలో. చెయ్యి ముందుకి వస్తుంది కానీ భుజం గడ్డం దగ్గరికి లేవదు. వీడియోలో శబ్దం కూడా వినండి. నిజమైన దెబ్బకి ముక్కుతో ఊపిరి విదిలిస్తూ, ఉత్తుత్తిదానికి ఊపిరి బిగబట్టేవాళ్లు చాలామంది. అవతలివాడి చెవి రెండో రౌండుకల్లా ఆ తేడా నేర్చేసుకుంటుంది. రెండిటికీ ఒకే ఊపిరి వదలడం అలవాటు చేసుకోండి.

చూపు గురించి ఒక్క మాట. ఎదుటివాడి కన్ను ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతేటప్పుడు, ఆ గెంతు మధ్యలో కనబడేది మెదడు దాదాపు పట్టించుకోదు. చూపుతో ఏమార్చడం అందుకే పనిచేస్తుంది. కాచుకునేవాళ్లకి మందు కూడా అక్కడే ఉంది: చూపుని ఎదుటివాడి కళ్ల మీద కాకుండా రొమ్ము ఎముక మీద నిలిపితే చేతులూ కాళ్లూ కంటి అంచుల్లో కనిపిస్తాయి, కదలికని ఆ అంచులు బాగానే పట్టుకుంటాయి. మిట్స్ పట్టేవాళ్లు ఇలా చూడటం మొదలుపెట్టగానే కొట్టేవాడి కంటిచూపు మాయలు సగం ఎగిరిపోతాయి. సాధన బాగా సాగుతోందనడానికి అది గుర్తు.

ఇంకో చవకైన వస్తువు, ఈత నేర్చుకునేవాళ్లు వాడే నురుగు గొట్టం. 60, 70 సెంటీమీటర్ల ముక్క కోసుకుంటే చాలు. మిట్స్‌కి బదులు పట్టి, మధ్యమధ్యలో కొట్టేవాడి భుజం మీద, పొట్ట మీద ఉన్నట్టుండి తట్టొచ్చు. ఉలిక్కిపడ్డప్పుడు చేతులు ఎటు లేస్తున్నాయో తెలుస్తుంది, వాటిని నేరుగా కాపులోకి తెచ్చుకోవడం అలవాటవుతుంది. కళ్ల వైపు మాత్రం చివరని చూపించొద్దు.

ఇవన్నీ కొన్నా ఒక్కోసారి ఉత్తుత్తి దెబ్బ పారదు. ఎదుటివాడు మరీ కొత్తవాడైతే ఆనవాళ్లని చదవడమే రాదు, కాబట్టి ఏమారడు. వాడి మీద సూటి దెబ్బే వాడాలి. బాగా అలిసినవాడు కూడా అంతే, కదలాలని తెలిసినా కదలడు. అందని దూరం నుంచి వేసే ఉత్తుత్తి దెబ్బకి ఎవరూ జంకరు. అన్నిటికంటే మామూలు తప్పు, ఒకే తాళంలో వేయడం: ఉత్తుత్తి, నిజం, ఉత్తుత్తి, నిజం అని నాలుగుసార్లు వేస్తే అయిదోదానికి అవతలివాడు మీ ఉత్తుత్తి దెబ్బ మీదే ఎదురు కొడతాడు. అప్పుడు మీ చెయ్యి సగం దారిలో ఉంటుంది, గడ్డం బయట ఉంటుంది.

ఏమార్చడానికి ఏ ఆటలోనైనా హద్దులున్నాయి, అవి తెలుసుకుని సాధన చేయండి. రింగులో భుజంతో, కాలితో, చూపుతో ఏమార్చడం ఆటలో భాగమే. అదే బ్యాడ్మింటన్‌లో అరిచో, చేతులు ఊపో ఎదుటివాళ్ల ధ్యాస మళ్లిస్తే తప్పు కింద లెక్క. ఫుట్‌బాల్ పెనాల్టీలో పరుగు మధ్యలో తడబడినట్టు నటించొచ్చు, పరుగు పూర్తయి బంతి దగ్గరికి చేరాక ఆగి నటిస్తే తప్పు. ఒక ఆటలో నేర్చిన మాయని ఇంకో ఆటలోకి తీసుకెళ్లేముందు ఆ నియమాలు చదవాలి.

కొనే వరస చెప్పాలంటే: మొదట పలుచటి మిట్స్, బెల్లీ ప్యాడ్. చోటుంటే తర్వాత డబుల్ ఎండ్ బ్యాగ్. నురుగు గొట్టం ఎప్పుడైనా. లైట్లు, రెండు రంగులవి దొరికితే, అన్నిటికంటే చివర. తలపట్టీ బంతి అక్కర్లేదు. మిట్స్ తీసుకునే ముందు రెండు చేతులకీ తొడుక్కుని, మణికట్టుని కుడికీ ఎడమకీ పదిసార్లు గబగబా తిప్పి చూడండి. చెయ్యి తిరిగాక మిట్ తిరుగుతుంటే, అంటే చేతికీ మిట్‌కీ మధ్య చిన్న వెనకబాటు తెలుస్తుంటే, ఆ జత వదిలేయండి. వేళ్లు పెట్టే జేబు చెమటకి ఇంకా వదులవుతుందే కానీ బిగుసుకోదు. వాడిన ప్రతిసారీ జేబులు పైకి తెరిచి, ఎండలో కాకుండా గాలి తగిలే చోట ఆరబెట్టండి. ఎండకి పైతోలు పెళుసెక్కి, దెబ్బ పడే మధ్యభాగంలోనే మొదట పగులుతుంది.